చచ్చినవాళ్ళ తరఫు మాస్టారు

ఇది ఒక వీరగాథ. గోదావరి జిల్లాలో పుట్టిన ఒక యోధుడు జర్మనీలో మకాం వేసి, ఫ్రాన్సు మీదికి దండెత్తి, ఒంటరిగా, ఏళ్ళ తరబడి, ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకుండా పోరాడిన చరిత్ర. ఇందులో రక్తపాతముంది. కుట్రలున్నాయి. వారానికి కనీసం ఒక శవముంది.

అని మొదలుపెడదామనుకున్నాను. కానీ యోధుడికి మోకాళ్ళ నొప్పులు. అడుగు వెనక్కి వెయ్యకపోవడానికి అదీ ఒక కారణం. దండయాత్ర మొత్తం హానోవర్లో, మా పై ఫ్లాట్లో, రెండు స్వెట్టర్లు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చునే జరిగింది. యుద్ధం దేనికంటే, ఒక ఫ్రెంచి టీవీ సీరియల్లో శవం కనపడినప్పుడు, మనిషి రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలేంతసేపు వినిపించే సంగీతం ముక్క కోసం. రక్తం మేకప్ వాళ్ళది.

మొన్న వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళే రైల్లో ఆయన గుర్తొచ్చారు. నేనక్కడ కార్ల కంపెనీలో పని చేస్తాను. వెనక అద్దం మీద వైపర్ ఎప్పుడు కదలాలో చెప్పే ప్రోగ్రాం రాసే గుంపులో నేనొకణ్ణి. కాబట్టి కళల గురించి నా అభిప్రాయానికి ఎంత విలువివ్వాలో మీరే చూసుకోండి. ఎదురు సీట్లో ఒక జర్మన్ పెద్దావిడ ఫోన్లో ఏదో చూస్తోంది, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకుండా. ఈ దేశంలో అది చిన్న నేరం కాదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆవిణ్ణేమీ అనకుండా, కిటికీలోంచి కనిపిస్తున్న పొలాల వంక కోపంగా చూస్తున్నారు. ఇంతలో ఆ ఫోన్లోంచి హార్మోనియం వినిపించింది. రెండు ఊపిర్లు. ఆగిపోయింది.

ఆ ముక్క నాకు తెలుసు. ఆ సీరియల్ ఎపిసోడ్ ఒకదాంట్లో, లాండ్రీ గదిలో, మెట్ల కింద పడి ఉన్న ఆవిడది. ఆవిడ పేరేంటో, ఎవరు చంపారో, ఎందుకు చంపారో, ఏదీ గుర్తులేదు. బాణీ మాత్రం పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది. మాటలు జర్మన్లోకి మార్చారు గానీ సంగీతం మార్చరు కదా.

నేను తొంగి చూడటం గమనించి, "ఈ సిరీస్ చూస్తారా మీరు?" అంది ఆవిడ.

"దీనికి సంగీతం చేసినాయన మా పైన ఉండేవారు."

ఆవిడ ఫోన్ వంక చూసుకుంది. "అవునా. ఇందులో సంగీతం ఉందా?"

మాస్టారు వింటే సంతోషించేవారు. వినడానికి లేరు, పోయిన చలికాలం పోయారు. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఎందరు పిల్లలు లాంటివన్నీ, పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూటంలో ఒక పెద్దమనిషి కాగితం చూసి చదివారు. అది విన్నాక, ఈయనెవరో మంచాయనలా ఉన్నారే, మా మాస్టారు ఎక్కడ అనిపించింది నాకు.

నేను ఆయన్ని మొదట చూసింది ఒక పార్సెల్ కోసం. నేను ఇంట్లో లేనప్పుడు కొరియర్ వాడు నా కొత్త బూట్లు పైన ఇచ్చి, ఆ సంగతి చీటీ మీద రాసి పోయాడు. జర్మనీలో ఇరుగుపొరుగు అంటే అదే. పార్సెల్ వస్తే పరిచయం, లేకపోతే మెట్ల మీద హలో. పైకెళ్ళి బెల్లు కొట్టాను. తలకి ఉన్ని టోపీ, చేతిలో టీ సాసర్‌తో ఒకాయన తలుపు తీశారు. నా మొహం చూసి తెలుగులోనే అన్నారు.

"లోపలికి రా అబ్బాయ్. చప్పుడు చెయ్యకు. ఒకావిడ చచ్చిపోయింది."

గుమ్మంలోనే ఆగాను. "ఎప్పుడండీ?"

"మూడో నిమిషంలో."

లోపల కంప్యూటర్ తెర మీద ఒక కాలవ, కాలవలో ఒక స్త్రీ. బొమ్మ ఆగిపోయి ఉంది, ధ్వని లేదు. ఆయన సాసర్లో టీ జుర్రుకుని, ఆవిడ వంక చాలాసేపు చూసి, "ఈవిడకి కుడిచేతి వాటం ఉన్నట్టుంది" అన్నారు.

"ఎవరు చంపారు?"

"నాకేం తెలుసు? అది పోలీసోడి పని."

బూట్లు తీసుకోవడం మర్చిపోయి కిందికొచ్చాను. మళ్ళీ వెళ్ళాను. అలా అలవాటైంది.

ఆయన పని ఏంటో చెప్పాలి. మన సినిమావాళ్ళు రీరికార్డింగ్ అంటారే, బొమ్మంతా తయారయ్యాక వెనక సంగీతం కూర్చడం, అది. పూర్వం హైదరాబాదులో అదే పనిలో కీబోర్డు వాయించేవారు. వాళ్ళావిడకి, అంటే నేను ఆంటీ అని పిలిచే ఆవిడకి, హానోవర్లో నర్సుగా ఉద్యోగమొస్తే వెంట వచ్చారు. వచ్చాక చాలా కాలం సంగీతం లేదు, ఒక గోడౌన్లో అట్టపెట్టెలకి టేపు వేశారు. అప్పుడు మన తెలుగు క్రైస్తవుల సహవాసంలో ఆయన హార్మోనియం విని, ఒక ఫ్రెంచి సౌండ్ ఇంజనీరు ఈ సీరియల్‌కి పట్టుకెళ్ళాడు. పట్టుకెళ్ళాడు అంటే మనిషిని కాదు, ఫైళ్ళని. మాస్టారు పారిస్ ఎప్పుడూ వెళ్ళలేదు. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. వాళ్ళు బొమ్మ పంపుతారు, ఈయన సంగీతం పంపుతారు. ఆ సీరియల్ ఒక్కటే ఆయన ఉద్యోగం. అది పోతే మళ్ళీ టేపే. ఈ విషయం ఆయనకి తెలుసు, ఆంటీకి ఇంకా బాగా తెలుసు.

సీరియల్లో ఒక ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. అందగాడు, విడాకులయ్యాయి, శవం పక్కన నిలబడి శాండ్‌విచ్ తింటాడు. మాస్టారు వాణ్ణి 'అల్లుడు' అనేవారు.

"ఏంది మాస్టారూ, అల్లుడంటారు?"

"చూడు మరి. ఎవరింటికెళ్ళినా తినడానికేదో పెట్టాలి, ఏ తలుపు తీసినా వయొలిన్లు మోగాలి. అల్లుడు కాక ఏవిటి?"

అల్లుడి బాణీ ఆయన అన్నం ఉడికేలోపు చేశారట. ఫ్రాన్సులో జనం దాన్ని ఫోన్లలో రింగ్‌టోనుగా పెట్టుకున్నారని విని, "కుక్కరు ఇంకో విజిల్ వేసుంటే ఇంకా బాగా వచ్చేది" అన్నారు. అల్లుడి మీద ఆయన పెట్టిన శ్రద్ధ అంతే. మిగతా శ్రద్ధంతా శవం మీద.

ప్రతి ఎపిసోడ్లో ఒక శవం. ఒక్కో శవానికి ఒక్కో బిట్టు. సాగనంపే బిట్టు అనేవారు దాన్ని. శవం మొదటిసారి కనపడినప్పుడు వస్తుంది, మళ్ళీ ఎక్కడా రాదు. ఒకరిది ఇంకొకరికి వాడరు. అల్లుడికి కావలసిన వయొలిన్లూ డప్పులూ కంప్యూటరే పుట్టిస్తుంది. సాగనంపే బిట్టు మాత్రం తన హార్మోనియం మీద, తన చేత్తో. బట్టల బీరువా తలుపు తీసి, ఆంటీ చీరలకీ చలికోట్లకీ మధ్య మైకు వేలాడదీసి, బీరువాకి ఎదురుగా కింద కూర్చుని వాయించేవారు. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయట. అందుకని ఆంటీ డ్యూటీకి వెళ్ళేటప్పుడు కోటు తియ్యాలంటే అనుమతి కావాలి.

"ఏవండీ, నాకు బస్సు టైమైంది."

"ఒక్క నిమిషం. ముసలాయన వెళ్ళిపోతున్నాడు."

"నేనూ వెళ్ళాలి. మా వార్డులో నిజం ముసలాళ్ళున్నారు."

ఆంటీది చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ వార్డు. అక్కడెవరైనా పోతే నర్సులు కిటికీ తెరుస్తారట, కాసేపు. అంతే, సంగీతం గట్రా ఏమీ ఉండదు. "మా కిటికీ చాలు. ఈయన బీరువా తెరుస్తారు" అనేది ఆవిడ.

ఈ పిచ్చి ఎక్కణ్ణుంచొచ్చిందని అడిగితే ఒక కథ చెప్పేవారు. వయసులో ఉండగా వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా హార్మోనియంతో ఈయన వెళ్ళాలి. భూస్థాపన అయ్యేదాకా పాట ఆగకూడదు. ఒకసారి తుపాను తర్వాత ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చింది. ఎవరో తెలీదు, ఏ మతమో తెలీదు. ఏం పాడాలో పాస్టరు గారికి తోచలేదు. మాటల్లేకుండా ఏదన్నా వాయించరా అన్నారట. వాయించారు. నేను అంతా విని అన్నాను.

"మాస్టారూ, పోయినసారి చెప్పినప్పుడు ఆడమనిషన్నారు."

"అన్నానా?"

"ఈసారి మీసాలున్నాయన్నారు."

"ఇద్దరొచ్చుంటారు. తుపానురా అది."

పారిస్ వాళ్ళతో తగువు మొదట్నుంచీ ఉంది. వాళ్ళ లెక్క ప్రకారం సంగీతం అల్లుడు రాగానే మొదలవ్వాలి. అంతకుముందు గుండె కొట్టుకుంటున్నట్టు ఒక డప్పు చాలు, చూసేవాడు చానల్ మార్చకుండా ఉంటాడు. మాస్టారు సరేనని డప్పు పంపేవారు, డప్పు మధ్యలో రెండు ఊపిర్లు హార్మోనియం పెట్టి. ఒకసారి డైరెక్టర్ వీడియో కాల్లో చాలా మర్యాదగా చెప్పాడు. మెడకి మఫ్లరు చుట్టుకున్న పెద్దమనిషి. ఈ కథ ఫ్రాన్సు సముద్రతీరంలో జరుగుతుంది, ఈ భారతీయ వాయిద్యం కొంచెం పరాయిగా ఉందేమో అన్నాడు.

మాస్టారు హార్మోనియాన్ని కెమెరా ముందుకి జరిపారు. "ఇది మీ పారిస్‌లో పుట్టింది సార్. మీవైపు మిషనరీలు మావైపు తెచ్చి వదిలేశారు. అరువు తెచ్చిన సామాను నేను వెనక్కి పంపుతున్నాను. పుచ్చుకోండి."

డైరెక్టర్ ఎవరినో అడిగి కనుక్కున్నాడు. నిజమే. తర్వాతి వారం నుంచి ఆయనే దాన్ని 'మన పాత ఫ్రెంచి నాదం' అనడం మొదలుపెట్టాడు. మాస్టారు రెండ్రోజులు గర్వంగా తిరిగారు. మూడోరోజు మోకాలు పట్టేసింది.

నాకు మాత్రం ఆ పట్టుదల సగం అర్థమయ్యేది కాదు. ఒకసారి అడిగేశాను. "మాస్టారూ, అది యాక్టింగు. షాట్ కాగానే ఆమె లేచి, తుడుచుకుని, కాఫీ తాగుంటది."

"తాగనీ. చలిలో పడుకుంది పాపం."

"మరి ఈ బిట్టు ఎవరికి?"

"కథలో చచ్చినామెకి. కథలో ఆమె లేచి కాఫీ తాగిందా?"

లేదు. తాగలేదు. 

అలాంటిది, ఒకామె తాగింది.

పాత్ర పేరు ఒడిల్. బేకరీ నడుపుతుంది. ఎపిసోడ్ మొదట్లోనే పిండి బస్తాల మధ్య రక్తంలో పడి ఉంటుంది. మాస్టారు ముందు భాగం వరకే చూసి బిట్టు చేస్తారు, తర్వాతేం జరిగిందో చూడరు. చూసినా ధ్వని పెట్టరు. ఎవరు చంపారో తెలిస్తే బాణీలో పగ కలుస్తుందని ఆయన భయం. కాబట్టి ఒడిల్‌కి చాలా మంచి బిట్టు, ఆయన చేసినవాటిల్లో బహుశా అన్నిటికన్నా మంచిది, పంపేశారు. అల్లుడి సంగతి చూద్దామని మిగతా భాగం పెట్టుకుంటే, చివర్లో ఆసుపత్రి మంచం మీద ఒడిల్ కళ్ళు తెరిచింది.

నేను వెళ్ళేసరికి మాస్టారు గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. ఆంటీ నాతో మెల్లగా అంది, "బతికున్న మనిషికి వాయించేశారట. పొద్దుట్నుంచీ ముద్ద ముట్టలేదు."

"మార్చెయ్యొచ్చు కదా ఆంటీ?"

"అడిగారు. ఫైలు లాక్ అయిపోయిందన్నారు. ప్రసారం ఎల్లుండే."

ఆ ఆదివారం సహవాసానికి నేనూ వెళ్ళాను. నేను వెళ్ళేది భోజనం కోసం, ఆ సంగతి దేవుడికి తెలుసు. పాస్టరు గారు ప్రార్థన అంశాలు చదువుతున్నారు. ఒకరి వీసా, ఒకరి పరీక్షలు, కాట్‌బస్‌లో ఎవరికో గది దొరకడం లేదు. తర్వాత, "తలకి గాయమై ఆసుపత్రిలో ఉన్న సహోదరి ఒడిల్ గారి స్వస్థత కోసం" అన్నారు. హాలంతా కళ్ళు మూసుకుంది. నేను మాస్టారి వంక చూశాను. అందరికన్నా గట్టిగా మూసుకున్నది ఆయనే.

భోజనాల దగ్గర గుంటూరావిడ ఒకరు ఆంటీని పట్టుకున్నారు. "మీ ఆసుపత్రేనాండీ? ఒక్కతే ఉందా? కాస్త పులావు చేసి పంపుతాను, తింటుందంటారా?"

ఆంటీ పళ్ళెంలోకి చూస్తూ, "తినదండీ. టీవీలో ఉంది" అంది.

అక్కడితో అయిపోయుంటే ఇది మంచి హాస్యకథ అయ్యేది. కానీ ఆ ఎపిసోడ్ ఫ్రాన్సులో బ్రహ్మాండంగా ఆడింది. ఇన్నాళ్ళూ ఆ రెండు ఊపిర్లు ఎవరూ వినలేదనుకున్నాం. విన్నారట. తెలీకుండానే విని, ఆ హార్మోనియం వస్తే ఇక ఆ మనిషి లేనట్టే అని నమ్మారట. అందుకే ఒడిల్ కళ్ళు తెరిస్తే ఇళ్ళల్లో జనం ఆశ్చర్యంతో కేకలు పెట్టారట.

వెంటనే వీడియో కాల్. ఈసారి డైరెక్టర్ పక్కన నిర్మాత కూడా ఉంది. చురుకైన మనిషి, మాటకి ముందే నవ్వుతుంది. ఇటువైపు మాస్టారు, వంటింటి గుమ్మంలో ఆంటీ, సోఫాలో ఉప్మా గిన్నెతో నేను. మాటలన్నీ ఇంగ్లీషులో నడిచాయి. ఆమె ఇంగ్లీషు ఒకటి, ఈయన ఇంగ్లీషు ఇంకొకటి, అయినా ఆ రోజు ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయి.

"అద్భుతమైన ఆలోచన మీది" అంది ఆమె.

"ఆలోచన కాదండీ, పొరపాటు."

"ఏదైనా సరే, వచ్చే సీజన్ అంతా ఇలాగే చేద్దాం. నిజంగా చచ్చినవాళ్ళకి డప్పు చాలు. మీ హార్మోనియం బతికేవాళ్ళకి పెడదాం. జనం పోయారనుకుంటారు, తర్వాత లేస్తారు."

మాస్టారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన తల అప్పుడే మొదటిసారి చూశాను. పెద్ద విశేషమేమీ లేదు.

"బతికున్నవాళ్ళకి నేను వాయించను."

"అది ఒక శబ్దం మాత్రమే కదండీ."

"శబ్దమే అయితే, మీకు అదే కావాలని ఎందుకు? కంప్యూటర్లో బోలెడున్నాయి."

డైరెక్టర్ మఫ్లరు సర్దుకుంటూ ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "చూడండి, అలా అయితే వచ్చే సీజన్‌కి మేం ఇంకొకరిని..."

అక్కడ ఆగింది. నోరు తెరిచి, కళ్ళు సగం మూసి, కదలకుండా ఉండిపోయింది. గదిలో ఎవరం ఊపిరి పీల్చలేదు. ఎంత బరువైన నిశ్శబ్దం అనుకున్నాను. కాసేపటికి రూటరు మీద ఎర్రలైటు కనిపించింది.

లేచి, దాని ప్లగ్గు తీసి, మళ్ళీ పెట్టాను. తెర మళ్ళీ వెలిగింది. పాపం ఆమె బెదిరింపు మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. బెదిరింపు రెండోసారి చెప్పడం ఎవరికైనా కష్టం. మొదటిసారి ఉన్న ఊపు ఉండదు.

మాస్టారు పూర్తిగా విన్నారు. "మొదటిసారే వినపడిందమ్మా. ఆలోచించుకోవడానికి ఇంటర్నెట్టు కాస్త టైమిచ్చింది. ఆలోచించాను. వాయించను. చచ్చినవాళ్ళకి డప్పు వేస్తానంటే అది మీ ఇష్టం. నా పెట్టె మీ అబద్ధానికి మాత్రం రాదు."

కాల్ అయిపోయింది. నేను ఉప్మా కేసి చూస్తూ కూర్చున్నాను. అలాంటప్పుడు తినడం బాగుండదు, మానెయ్యడం ఇంకా నాటకీయంగా ఉంటుంది. తిన్నాను.

ఆంటీ గుమ్మంలోంచే అడిగింది. "మళ్ళీ గోడౌన్‌కి అప్లై చెయ్యాలి కదా?"

"చేద్దాం."

"మోకాళ్ళు?"

"వాటికింకా చెప్పలేదు."

ఆవిడ వెళ్ళి బీరువాలోంచి తన చలికోటు తీసుకుంది, అనుమతి అడక్కుండా.

గోడౌన్లో ఉద్యోగం దొరికింది. ఈసారి నిలబడే పని కాదు, కూర్చుని పార్సెళ్ళ మీద అంటించిన చిరునామాలు సరిచూడటం. సాయంత్రాలు మెట్లెక్కి వచ్చేటప్పుడు మా తలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకునేవారు. నేను తలుపు తీస్తే, అలసటకి కాదు, నీతో మాట్లాడదామని ఆగాను అనేవారు. సీరియల్ ఇంకొకరికి పోయింది. అల్లుడి బాణీ అలాగే ఉంచుకున్నారు. హార్మోనియం బతికేవాళ్ళ మీద పెట్టడానికి పాత బిట్లు వాడలేకపోయారు, ఒక్కో బాణీ ఒక్కో శవానిదని జనానికి తెలిసిపోయిందట. కొత్తాయన ఏదో వాయించి చూశాడు, ఎవరూ నమ్మలేదు. చివరికి డప్పు ఒక్కటే మిగిలింది.

కొత్త సీజన్ జర్మన్ చానల్లో ఆదివారం సాయంత్రం మొదలైంది. నేను కింద పెట్టుకున్నాను. ఓడరేవు, పొద్దున వెలుగు, చేపల వలలో ఒక కుర్రాడు. డప్పు మొదలైంది. అప్పుడు మా సీలింగులోంచి హార్మోనియం వినిపించింది.

రెండు ఊపిర్లు.

మరుసటి ఆదివారం మళ్ళీ. ఆ మరుసటి ఆదివారం కూడా. ఇంతకుముందు ఒక్కో బిట్టుకి రోజుల తరబడి కుస్తీ పట్టేవారు, ఇప్పుడు శవం తెర మీద ఎంతసేపుంటే అంతే సమయం. చూస్తూ వాయించాలి. అన్నీ బాగా వచ్చాయని అబద్ధం చెప్పను. ఒకసారి కెమెరా తొందరగా జరిగిపోయి, బిట్టు వెళ్ళి అల్లుడి శాండ్‌విచ్ మీద పడింది. ఇంకోసారి శవమనుకున్నది పడుకున్న కుక్క. మాస్టారు సగంలో ఆపేసి, పైన గట్టిగా దగ్గారు.

ఒక రోజు మెట్ల మీద పట్టుకున్నాను. "కాంట్రాక్టు లేదు, రికార్డింగు లేదు. ఎందుకు మాస్టారూ ఇంకా?"

"వాళ్ళు నన్ను తీసేశారు. చావులు ఆపలేదుగా."

"ఎవరు వింటున్నరు?"

"చచ్చినవాళ్ళెప్పుడు విన్నారని?" అని, రెండు మెట్లెక్కి ఆగారు. ఈసారి నిజంగానే అలసటకి. "పక్కింటోళ్ళెవరన్నా కంప్లయింటిచ్చారా?"

"లేదు."

"అయితే ఉంటా."

పోయిన చలికాలం, ఒక ఆదివారం ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. ఆ రోజు కూడా సీరియల్ వచ్చింది, ఆ రోజు కూడా ఎవరో పోయారు. ఆంటీ తన వార్డు కాని వార్డులో ఆయన పక్కన కూర్చుంది. గదిలో టీవీ ఉందట, ధ్వని తీసేసి పెట్టమన్నారట. దుప్పటి మీద వేళ్ళు కదిపారని చెప్పింది. శ్రుతి ఎలా ఉందని నేనడగలేదు.

సీరియల్ ఇంకా నడుస్తోంది, డప్పుతోనే. పై ఫ్లాటు అద్దెకుంది. ఐన్‌బౌకుషె, అంటే గోడలకి బిగించే వంటింటి సామానంతా, లేదు, ఆంటీ కొత్తింటికి విప్పి తీసుకెళ్ళింది. వచ్చేవాళ్ళు వంటింటి అరలూ, పొయ్యీ, సింకూ తామే తెచ్చుకోవాలి.